దిబ్బరొట్టె కింద నూక

నేను బతుకంతా మంచుతో పనిచేశాను. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతుంటే, వీపు మీద చెమట కాలువలు కడుతుంటే, యాంగోన్‌లో సంచౌంగ్ బజారు వెనక ఒక మేడ గదిలో కూర్చుని పనిచేశాను. ఈ మాట చెప్పినప్పుడల్లా చర్చిలో మావాళ్లు నవ్వుతారు. ఐస్ ఫ్యాక్టరీలోనా అని అడుగుతారు. కాదండీ బాబూ! ఉత్తరాన పుటావ్ దాటి కొన్ని రోజులు నడిస్తే మన బర్మాలోనే మంచు కొండలున్నాయి. ఆ కొండలకు జనాన్ని నడిపించే ఒక చిన్న కంపెనీలో నేను వైర్‌లెస్ బల్ల చూసేదాన్ని.

రోజూ పొద్దున్న ఏడింటికి కొండ మీది శిబిరాన్ని పిలవాలి. అక్కడి గైడు చెప్పింది వినాలి. కొండ ఎలా ఉందో ఇంగ్లీషులో ఒక కాగితం రాసి, అదే మళ్లీ వైర్‌లెస్‌లో చదవాలి. అది విన్నాకే పైన ఎవరైనా అడుగు కదపాలి. ఇంతే ఉద్యోగం. చెప్పడానికి ఇంతే. చేస్తుంటే మాత్రం ప్రతి పొద్దునా పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉండేది, ఆ పరీక్ష నాకు ఎంత ఇష్టమో చెప్పలేను!

నా పేరు రూతమ్మ. ఆఫీసులో అందరికీ "మా రూత్". బర్మీస్‌లో "మా" అంటే ఆడపిల్లను మర్యాదగా పిలిచే మాట, మగవాళ్లకైతే "కో", పెద్దవాళ్లకైతే "ఊ". మా మామ్మకు బర్మీస్ నాకన్నా బాగా వచ్చు, ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. అయినా ఒకసారి ఆఫీసుకొచ్చి ఆ పిలుపు విని, "సూసేవేటే, ఆల్లు కూడా మా రూతు అంతన్నారు. మా రూతు గాక ఇంకెవులి రూతు?" అని వారం రోజులు మురిసిపోయింది.

ఇప్పుడు ఆ దారులు చాలావరకు మూతపడ్డాయి. ఎప్పుడు తెరుచుకుంటాయో నాకు తెలియదు. అయినా మా కంపెనీ ఆ బల్ల తీసెయ్యలేదు. ఇద్దరు కొత్త అమ్మాయిలు చేరారు. ఒకరు మన తెలుగు పిల్లే, మాట్లాడమంటే తడబడుతుంది కానీ చెబితే అంతా అర్థమవుతుంది. నేను రాస్తున్న ఈ కాగితాలు రెండో అమ్మాయికి తనే చదివి చెబుతానంది. వాళ్లిద్దరూ యంత్రాలను నాకన్నా బాగా తిప్పుతారు. వాళ్లకు చెప్పాల్సింది యంత్రాల సంగతి కాదు.

అసలు పని

అసలు పని వినడం అనుకుంటారు అందరూ. కాదు, అడగడం. పైనున్న మనిషికి చలి, ఆకలి, తొందర. అతను ఒక్క ముక్కలో చెప్పేసి పొయ్యి దగ్గరకు పోదామనుకుంటాడు. అతన్ని అక్కడే నిలబెట్టి అడగాలి. ఎక్కడ చూశావు? చేత్తో పట్టుకున్నావా? ఏ పక్క? తవ్వితే కింద ఏముంది? గైడ్లు నన్ను తిట్టుకునేవారు. "ఈమె దగ్గర కన్నా పోలీసు స్టేషన్లో తక్కువ అడుగుతారు" అన్నాడొకడు. నాకు అది పొగడ్తలాగే వినపడింది.

ఇంకొకటి. సీజన్ మధ్యలో, మంచు నడుముల్లోతు పడ్డాక, అందరూ భయపడతారు కాబట్టి అందరూ జాగ్రత్తగానే ఉంటారు. మనుషుల్ని మింగేది సీజన్ మొదటి మంచు. వానలు వెనకబట్టాక, ఎత్తు మీద మొదటిసారి జానెడు పడుతుంది. ఎండ పక్కన కరిగిపోతుంది. నీడ పక్కన మాత్రం ఉండిపోతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆకాశం అద్దంలా ఉంటుంది, రాత్రుళ్లు చలి కొరికేస్తుంది. అంత మంచి రోజుల్లోనే నీడ పక్కనున్న ఆ పలచటి మంచు లోపల్లోపల చెడిపోతుంది. దాని మీద రెండో మంచు పడుతుంది. చూసేవాళ్లకు తెల్లగా, అందంగా, తక్కువగా కనిపిస్తుంది. "కొంచెమే కదా" అంటారు. నా ఉద్యోగంలో నేను అసహ్యించుకున్న మాట ఏదైనా ఉంటే అదే, కొంచెమే కదా.

ఇవన్నీ నాకు పుట్టుకతో వచ్చిన తెలివితేటలు కావు. ఒక మనిషి ఎముకలు విరగ్గొట్టి నేర్చుకున్నాను.

హ్నిన్

ఉద్యోగంలో అది నా మూడో సీజన్. పై శిబిరంలో గైడు పేరు యోసెప్. రవాంగ్ మనిషి, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. అప్పటికి మూడు సీజన్లుగా రోజూ మాట్లాడుకుంటున్నాం కానీ ఒకరి మొహం ఒకరం చూడలేదు. నాకు అతను ఒక గొంతు, అంతే. నవ్వితే వైర్‌లెస్ గరగరలాడేది.

ఆ పొద్దున్న అతను బర్మీస్‌లో, "హ్నిన్ పడింది, మా రూత్. హ్నిన్ చాలా పడింది" అన్నాడు.

బర్మీస్‌లో హ్నిన్ అంటే ఏమిటి? తెల్లారి ఆకుల మీద పడేది హ్నిన్. రోడ్డు కనపడకుండా కమ్ముకునేది హ్నిన్. కొండ మీద తెల్లగా పడేదీ హ్నిన్. మన తెలుగులో? అదే కథ. పొద్దున్నే నది మీద కమ్మేదీ మంచే, కొండ మీద పేరుకునేదీ మంచే. యాంగోన్‌లో పుట్టిన తెలుగుదానికి మంచు అంటే ఏది గుర్తొస్తుంది? చలికాలం పొద్దున్న, అవతల ట్వంటే కాలువ నుంచి కుండల పడవ వస్తుంటే ముందు గొంతు వినపడి తర్వాత పడవ కనపడేంత తెల్లటి మంచు. ఎనిమిదయ్యేసరికి ఎండొచ్చి పోయేది.

బర్మీస్ వాడు విని ఉంటే ఒక్క క్షణం ఆగి, ఏ హ్నిన్ అని అడిగేవాడేమో. ఇంగ్లీషు వాడైతే రెండు వేరు మాటలున్నాయి కాబట్టి ఏది రాయాలో తేల్చుకోక తప్పేది కాదు. నేను మాత్రం హ్నిన్‌ను నా తెలుగు మంచులోకి దించుకుని, నాకు తెలిసిన మంచునే ఇంగ్లీషులోకి ఎత్తాను. కాగితం మీద "దట్టమైన పొగమంచు, పదింటికి విడిపోవచ్చు" అని రాశాను. గర్వంగా చదివాను కూడా. అవతల సరే అన్నది యోసెప్ కాదు, ఇంగ్లీషు వచ్చిన బృంద నాయకుడు; కాగితంలో వాలు ఊసు లేదు కాబట్టి దానితో భయం లేదనుకున్నాడు. యోసెప్‌కు ఇంగ్లీషు రాదు. యాంగోన్ సరేనంది అని మాత్రం అతనికి చెప్పారు.

పదిన్నరకు నీడ వాలు మీదుగా అడ్డంగా దాటుతుంటే వాలు కదిలింది. యోసెప్ అందరికన్నా ముందున్నాడు. కిందిదాకా ఈడ్చుకుపోయి, గుండెల దాకా కప్పెట్టింది. చేతులు బయట ఉన్నాయి కాబట్టి బతికాడు. మిగిలినవాళ్లు గిన్నెలతో, పళ్లేలతో తవ్వి తీశారు.

మధ్యాహ్నం ఆ కబురు నాకు వైర్‌లెస్‌లోనే వచ్చింది. బృంద నాయకుడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన వాడిన మాట ఈసారి స్పష్టంగా ఉంది. నేను రాసిన కాగితం బల్ల మీదే ఉంది.

ఆస్పత్రిలో మామ్మ

కాలు, మెడ కింది ఎముక విరిగిన యోసెప్‌ను విమానంలో యాంగోన్ తెచ్చారు. నేను ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను.

"కో యోసెప్, నేను..."

"గొంతు గుర్తుపట్టేశాను" అన్నాడు. "మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు, మా రూత్."

ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి నాకు. పొగమంచు అని రాశానని చెప్పాను. "మా భాషలో అయితే వేరే మాట ఉంది" అన్నాడు. "మీకు అర్థం కావాలని బర్మీస్‌లో చెప్పాను."

"నాకు అర్థమైంది. అదే వచ్చిన చిక్కు."

అతను నవ్వబోయి, మెడ నొప్పికి మానేశాడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి మామ్మ క్యారేజీ కట్టుకుని నాతో రావడం మొదలుపెట్టింది. మామ్మ అహ్లోన్‌లో నది ఒడ్డున బియ్యం మిల్లులో పనిచేసింది. ఊక తొయ్యడం, నూక చెరగడం, గిడ్డంగి తుడవడం, అదే ఆమె వృత్తి జీవితం. మనవరాలు చేసిన తప్పుకు మనిషి మంచం పట్టాడంటే ఆమె ఊరుకుంటుందా? ఎండుచేపల పులుసు కలిపి ముద్దలు పెట్టేది. అతను సిగ్గుపడుతూనే తినేవాడు.

మూడో రోజు ముద్ద పెడుతూ బర్మీస్‌లో అడిగింది, "మంచు మెత్తగా ఉంటుందంటారు కదా నాయనా, మెత్తటిది మనిషినెలా విరగ్గొడుతుంది?"

యోసెప్ ఓపిగ్గా చెప్పాడు. ముందు నెల పడిన పలచటి మంచు నీడ వాలు మీద ఉండిపోయింది. చలికి అది గింజలు గింజలుగా విడిపోయింది. పిడికిట్లో పడితే ఉండ కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద కొత్త మంచు పడి, గాలికి బిగుసుకుని, ఒకటే పలకయింది. "కింద ఎలా ఉందంటే" అని మాట కోసం వెతికాడు. "సన్‌గ్వె ఉంటుంది చూడండి, అలాగ."

సన్‌గ్వె అంటే బర్మీస్‌లో విరిగిన బియ్యం. మామ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నూక!" అంది తెలుగులో. నా వైపు తిరిగి కేక వేసింది. "ఓలమ్మ! నూక మీద బస్తాలెట్టీసినట్టేనే! గిడ్డంగిల నూక సిందితే తుడిసి గాని దొంతరెట్టకూడదు. తుడవకండా ఎట్టేరనుకో, ఆ రోజు ఏటీ అవదు. మర్నాడూ ఏటీ అవదు. మూడో నాడు ఎవులో కూలోడు మీదకెక్కితాడు. అంతే, దొంతరకి దొంతరే నడిసొచ్చీస్తాది. మిల్లుల మా సిట్టెమ్మ కాలు అలగే పోయింది. ఈ బాబుదీ అదే. నూకే!"

ఇన్నాళ్లూ నేను కళ్లతో చూడని వస్తువు గురించి ఇంగ్లీషు మాటలు బట్టీపట్టి రాశాను. ఇప్పుడు ఆ వస్తువు మా వంటింట్లో ఉంది! యోసెప్‌కు బర్మీస్‌లో చెప్పాను. అతను మామ్మ వైపు చూసి, లేవలేని మెడతోనే లేవబోయాడు. "సరిగ్గా అంతే! మూడో రోజు ఎక్కినవాడికే అవుతుంది!"

మందుల చీటీ వెనక ముగ్గురం కలిసి రాసుకున్నాం. కొత్తగా పడి తేలిగ్గా ఉన్నది పిండి. ఎండకు కరిగి మళ్లీ గట్టిపడి పైన పెచ్చు కట్టినది మాడు, అన్నం అడుగంటితే మిగిలే మాడు లాంటిదే. నీళ్లోడుతూ కాలు పీక్కుపోయేది కుడితి. గింజలుగా విడిపోయినది నూక. గాలికి బిగిసి ఒకటే ముక్కగా మందంగా ఉన్నదానికి ఏం పేరు పెట్టాలా అని మేం ఆలోచిస్తుంటే మామ్మ ఆలోచించలేదు. "దిబ్బరొట్టె" అనేసింది. బర్మాలో అందరు తెలుగువాళ్ల ఇళ్లలో చేస్తారో లేదో గాని మా మామ్మ ఆదివారం ఆదివారం మూకుడులో చేసేది, అరచెయ్యి మందాన.

దిబ్బరొట్టె కింద నూక. చీటీ మీద దీని కింద రెండు గీతలు గీశాం. ఆ రెండూ కలిసి ఉన్న వాలు మీదకు మనిషిని పంపకూడదు.

చేట

మా బాసు ఊ చో. మంచివాడు కాడని అనను. జనాన్ని పంపడం ఆయన పని, ఆపడం నా పని. ఆ రెండు పనులూ ఒకే గదిలో కూర్చుంటే పొద్దున్నే టీ చేదుగానే ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మీ బాసు దుర్మార్గుడు కాకపోయినా మీరు పోట్లాడాల్సి వస్తుంది.

మొదట మేం బర్మీస్ మాటే వాడదామనుకున్నాం. కాలు బాగై పైకి వెళ్లిన యోసెప్ మొదటి పొద్దున్నే, "కింద అంతా సన్‌గ్వె" అన్నాడు. నా వెనక నిలబడ్డ ఊ చో అది విని అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పుటావ్‌లో మాకు సరుకులిచ్చే దుకాణంవాడికి ఫోను చేసి, మంచి బియ్యం మాట్లాడుకుని నూకలు పంపుతావా అని అరగంట దులిపేశాడు. అవతలివాడు హడలిపోయి కొత్త బస్తా పంపాడు. ఆ సంగతి తేలాక యోసెప్ వైర్‌లెస్‌లో పడీ పడీ నవ్వాడు. "మా రూత్, మామ్మగారి మాటే వాడదాం. అది ఇంకెవరూ వాడరు."

అలా రవాంగ్ గైడ్లు తెలుగు నేర్చుకున్నారు. అయిదే మాటలు! కొండ మీంచి "మా రూత్, పైన దిబ్బ, కింద నూక" అని వినపడుతుంటే ఎలా ఉండేదనుకున్నారు? అహ్లోన్ మిల్లులో ఊక దుమ్ములో దగ్గుతూ బతికిన ఆడవాళ్ల మాటలు మబ్బుల పైన తిరుగుతున్నాయి! నేను కుర్చీలో కూర్చోలేకపోయేదాన్ని.

ఊ చోకు మాత్రం ఇది పిచ్చిలా అనిపించింది. "ఇది ఏ శాస్త్రం?" అన్నాడు. సరే చూపిస్తానన్నాను. మర్నాడు ఇంటి నుంచి చేట, కుంచెడు నూక, మామ్మ చేసిన దిబ్బరొట్టె పట్టుకెళ్లాను. చేట వాలుగా పెట్టి దాని మీద నేరుగా రొట్టె పెట్టాను. తట్టాను. కదల్లేదు. రొట్టె తీసి, చేట మీద పలచగా నూక చల్లి, మళ్లీ పెట్టాను.

"కదల్లేదుగా" అన్నాడు ఊ చో.

"ఆగండి" అని, రొట్టె మీద రెండు వేళ్లు మనిషి కాళ్లలా నిలబెట్టి ఒక్క అడుగు వేయించాను. రొట్టె మొత్తం సర్రున జారి ఆయన ఫైళ్ల మీద పడింది. ఆఫీసంతా కేకలు! ఆయన దిబ్బరొట్టె తుంచి, ఫైలు మీది నూక దులిపి, మొత్తం తినేశాడు. ఆ రోజు నుంచి గైడు నూక అంటే ఆ వాలు మీదికి పంపకూడదని ఆయనే చేత్తో రాసి గోడకు అంటించాడు.

అయితే ఒప్పుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. అది తర్వాత తెలిసింది.

చేత్తో ముట్టుకున్నాను

ఒక్కసారి నన్ను పైకి పంపారు. బల్ల దగ్గర కూర్చునేవాళ్లందరినీ ఒక్కసారైనా పంపాలి. నేను చెప్పే సలహాల్లో కంపెనీకి ఖర్చయ్యేది ఇదొక్కటే, అందుకే దీన్ని ఎవరూ వినరు.

జలగలు, తాళ్ల వంతెనలు, వెదురు డొంకలు, నడిచి నడిచి నా మోకాళ్లు నన్ను తిట్టాయి. చివరి రోజు చెట్లు పొట్టివై, తర్వాత లేకుండా పోయి, ఒక మలుపులో నీడ పక్కన నేల తెల్లగా ఉంది. నేను పరుగెత్తాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, చిన్నపిల్లలా పరుగెత్తాను! యోసెప్ వెనక నుంచి "అక్కడే ఆగండి" అని అరిచి, తను పారతో తవ్వి చూపించాడు. పైన బిగిసిన పలక. కింద నూక. అచ్చం నూకే, మెరిసే నూక. గుప్పిట్లోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జలజలా రాలిపోయింది. ఎన్నో ఏళ్లు కాగితం మీద రాసినది నా చేతిలో చల్లగా ఉంది. ఏడ్చేశాను. మామ్మ అప్పటికి లేదు. ఆమెకు చెప్పలేకపోయానన్న బాధ ఒకటి మిగిలిపోయింది.

అక్కడ ఇంకొకటి నేర్చుకున్నాను. శిబిరం ఎప్పుడూ ఎండ పక్కనే వేస్తారు. చలికి ఎవరైనా అదే చేస్తారు. కానీ నూక పుట్టేది నీడ పక్క. గుడారం పక్కన తవ్వి అంతా బాగుందని చెప్పడం ఎంత తేలికో అక్కడ నిలబడితేనే తెలిసింది. ఆ తర్వాత నా ప్రశ్నల్లో మరొకటి చేరింది, ఏ పక్క తవ్వావు?

ఆ వాలు

ఇక చివరిది. రిటైరవడానికి కొంచెం ముందు, మళ్లీ సీజన్ మొదట్లోనే. పైన యోసెప్, ఇద్దరు గైడ్లు, ఆరుగురు విదేశీయులు, మొత్తం తొమ్మిది మంది. శిఖరం ఎక్కాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూసి వచ్చినవాళ్లు. రెండో మంచు పడి ఆగి అది మూడో రోజు. ఆకాశం నీలంగా మెరుస్తోందట. దారి ఒక నీడ వాలుకు అడ్డంగా పోతుంది.

"పిండి" అన్నాడు యోసెప్. "గట్టి పిండి, మా రూత్. బాగుంది. వీళ్లు బూట్లు కట్టేసుకున్నారు."

"నూక లేదా?"

"తవ్వాను, లేదు."

"ఏ పక్క తవ్వారు?"

గరగర. "గుడారం పక్కన."

నలభై మంది గైడ్లకు తవ్వడం నేర్పిన మనిషి! కానీ అతనికీ వయసు మీదపడింది, వెనక ఆరుగురు బూట్లు కట్టుకుని నిలబడ్డారు. అందరం మనుషులమే. "కో యోసెప్, నీడ అంచున తవ్వండి. తాడు కట్టుకుని తవ్వండి. అప్పటిదాకా నేను కాగితం రాయను" అన్నాను. సగంలోనే వైర్‌లెస్ మూగబోయింది. చలికి వాళ్ల బ్యాటరీ పడిపోవడం మామూలే. నేను చెప్పింది ఎంతవరకు వినపడిందో తెలియదు.

వెనక ఊ చో. "రాసెయ్యండి, మా రూత్. అతనే బాగుందన్నాడుగా. రెండు రోజులుగా మంచు పడలేదు. పైన ఉన్నది కూడా కొంచెమే."

ఆ మాట వినగానే నాకు నషాళానికి అంటింది. బర్మీస్ మర్చిపోయాను. లేచి నిలబడి మామ్మ తెలుగులో అందుకున్నాను. "కొంచెవా? ఏటి కొంచెం? నువ్వెల్లి తవ్వి సూసేవేటి? ఆ మడిసిని ఓపాలి ఇరగ్గొట్టేను, సాలదా? నాను రాయను! ఎవులు రాయమన్నా రాయను!"

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా అర్థమైంది. వెళ్లి తలుపు మూసి, వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఎనిమిదికి పిలిచాను. లేదు. ఎనిమిదిన్నరకు. లేదు. తొమ్మిదికి, తొమ్మిదిన్నరకు, పదికి. పదిన్నర అయింది. నా మూడో సీజన్లో వాలు కదిలింది పదిన్నరకే. ఊ చో కింద కొట్టు నుంచి రెండు టీలు తెప్పించాడు. రెండూ చల్లారిపోయాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏదో జపిస్తున్నాడు. నేనూ నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను. ఆ బల్ల ముందు ఒక బౌద్ధుడూ ఒక బాప్టిస్టూ ఒకే మనిషి కోసం కూర్చున్నాం.

పన్నెండు దాటాక గరగర.

"నూక!" అరిచాడు. "మా రూత్, నూక! మోచెయ్యి దాకా నూక! పైన దిబ్బ!"

నేను మైకు అందుకునేలోపే అతనే చెప్పుకుపోయాడు. బ్యాటరీని చొక్కా లోపల పెట్టుకుని ఇంతసేపు వెచ్చబరిచాడట. నేను చెప్పిందంతా వినపడలేదు, "నీడ" అన్న ఒక్క మాట వినపడిందట. చాలు కదా అన్నాడు. తాడు కట్టుకుని అంచున తవ్వుతుంటే వాలు లోపల్నుంచి ధబ్బుమని శబ్దం వచ్చింది. అతని కాళ్ల ముందు నుంచి అవతలి దాకా దారం లాగినట్టు పగులు పరుగెత్తింది. వెంటనే అందరినీ వెనక్కి తిప్పాడు.

నేను కుర్చీ తన్నేసి గంతులు వేశాను. ఊ చో చెప్పులు లేకుండా గదంతా తిరిగాడు. కాసేపటికి నిలబడి, "జారిందా?" అని అడగమన్నాడు.

అడిగాను.

"లేదు" అన్నాడు యోసెప్. "పగిలింది, జారలేదు."

విదేశీయుల నాయకుడు చాలా కోపంగా ఉన్నాడట. జారని వాలుకు భయపడి శిఖరం పోగొట్టారని అన్నాడట. ఊ చో కూడా మర్నాటి నుంచి నేను రిటైరయ్యే రోజు దాకా సందు దొరికితే చాలు, "జారలేదుగా" అనేవాడు. అమ్మాయిలూ, ఈ ఉద్యోగంలో మీరు తప్పు చేస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఒప్పు చేస్తే మీకు కూడా తెలియదు. వాళ్లు దాటి ఉంటే ఏమై ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఆ తెలియకపోవడంతో హాయిగా నిద్రపోవడం నేర్చుకోవాలి. నేను నేర్చుకున్నాను, ఎలాగో చెబుతాను.

ఆ సాయంత్రం అయిదింటికి మామూలు వేళకు పిలిచాను. యోసెప్ గొంతు వెనక గిన్నెల చప్పుడు, ఎవరో విసుక్కుంటున్న ఇంగ్లీషు వినపడుతున్నాయి. వాలు సంగతి అడిగాను. ఉండమని బయటికెళ్లి చూసొచ్చాడు.

"వాలు అలాగే ఉంది, మా రూత్" అన్నాడు. "మేమూ అలాగే ఉన్నాం."